మంట రంగు మాఱుట యేల?

 

నేఁడు నేను మీకు విన్నవింపఁబూనిన విషయము మంట. మంట యనఁగానే మనకు పొయ్యియు, దీపమును, హోమగుండమును తలఁపునకు వచ్చును. నేను ముఖ్యముగాఁ జెప్పఁబోవునది రసాయనప్రయోగశాలలోని చిన్న గ్యాసుదీపపు మంట. కళాశాలలలోఁ జదువుకొను మీ మనుమలును మనుమరాండ్రును ఆ దీపమును బున్సెన్ బర్నరు అందురు. ఆ మంట యొకప్పుడు పసుపుపచ్చనై యూఁగులాడును. ఒకప్పుడు నీలమై నిటారుగా నిలుచును. ఉప్పు సోఁకినచో బంగారువన్నెయు, మైలుతుత్తము సోఁకినచో ఆకుపచ్చవన్నెయు దాల్చును. గ్యాసు ఒక్కటే, గొట్టము ఒక్కటే. వన్నెలు మాత్రము పెక్కు. ఇట్లేల యగునో విచారింతము.

ఇది పరీక్షలకుఁ జదువు పిల్లల గొడవ గదా, పల్లెపట్టున నున్న మాకు దీనితో నేమి పని యని మీరడుగవచ్చును. పని గలదు. నేఁడు మన వంటయిండ్లలో మండుచున్న గ్యాసుపొయ్యి ఆ బున్సెన్ దీపమునకు బిడ్డయే. గ్యాసు సన్నని రంధ్రమునుండి దూఁకుట, దారిలో గాలిని కలుపుకొనుట, పైకి వచ్చి నీలముగా మండుట, ఈ పద్ధతి రెండింటికిని సమానము. ఆ మంట రంగు మాఱినప్పుడు అది మనకొక వార్త చెప్పుచున్నదన్నమాట. ఆ వార్త యొకసారి పప్పు పొంగినదనుట మాత్రమే కావచ్చును. మఱొకసారి ఇంటిల్లపాది ప్రాణములకు సంబంధించినది కావచ్చును. ఆ రెండు వార్తలును ఒకే పసుపురంగున వచ్చుటయే చిక్కు. కావున రంగును జూచుటతో సరిపోదు. ఆ రంగెచ్చటనుండి వచ్చినదో విచారింప నేర్వవలెను.

మొదట ఆ దీపము పుట్టుకను జెప్పెదను. జర్మనీదేశమున నెక్కార్ నదీతీరమున హైడెల్బర్గు అను విశ్వవిద్యాలయపట్టణము గలదు. పందొమ్మిదవ శతాబ్ది నడుమ నచ్చట రాబర్ట్ బున్సెన్ అను రసాయనశాస్త్రాచార్యుఁడుండెను. ఆ పట్టణమున బొగ్గునుండి తీసిన గ్యాసుతో వీథిదీపములు వెలిగించుట అప్పుడప్పుడే మొదలాయెను. ఆయనకై కట్టుచుండిన క్రొత్త ప్రయోగశాలకును ఆ గ్యాసు వచ్చెను. అయితే ఆ కాలపు గ్యాసుదీపములు వెలుఁగు నిచ్చుటకై చేసినవి. వానిపై పాత్ర నుంచినచో మసి పట్టును, వేఁడియుఁ జాలదు. బున్సెన్‌కు వెలుఁగుతో పని లేదు. వేఁడి మిక్కుటముగా నుండవలెను, మసి యుండరాదు, మంటకుఁ దన సొంతపు రంగును గానరాకుండవలెను. ఆయన కోరిక ననుసరించి విశ్వవిద్యాలయపు యంత్రకారుఁడు పీటర్ దెసాగా 1855వ సంవత్సరమునాఁటికి ఈ దీపమును జేసి యిచ్చెను. ఇంగ్లండున మైకేల్ ఫారడే అంతకు ముందే యిట్టి దీపమునకుఁ బూర్వరూపమును జేసియుండెను. అయినను లోకమున బున్సెన్ పేరే నిలిచినది.

దాని కట్టడ మతిసులభము. అడుగున బరువైన పీఠము. దానిపై జానెడు నిలువుగొట్టము. గొట్టపు మొదట సూదిబెజ్జమువంటి రంధ్రమునుండి గ్యాసు వేగముగాఁ బైకెగయును. అచ్చటనే గొట్టపుఁ బ్రక్కలయందు గాలి చొచ్చుటకుఁ గన్నులుండును. ఆ కన్నులపై నొక యుంగరము తొడిగియుండును; దానిని ద్రిప్పి కన్నులను మూయవచ్చును, తెఱవవచ్చును. బండి వేగముగాఁ బోవుచుండఁగా దారిలోని యెండుటాకులు దాని వెంటఁ బడి పోవుటను మీరు చూచియుందురు. అట్లే దూఁకుచున్న గ్యాసు ప్రక్కనున్న గాలిని తనతోఁ గూడ లాగికొని పోవును. ఈ దీపపు మర్మమంతయు ఇంతియే.

ఇప్పుడు కన్నులు మూసి దీపమును వెలిగింతము. పొడవైన పసుపుపచ్చని మంట మెత్తగా ఊఁగులాడుచు లేచును. దానిలో తెల్లని పింగాణీపళ్లెము నుంచినచో క్షణములో మసి పట్టును. ఆ మసియే యీ పసుపువన్నెకుఁ గారణము. మండెడు గ్యాసులో కర్బనమును, అనఁగా బొగ్గునకు మూలమైన పదార్థమును, ఉదజనియు కలసియుండును. గాలి చాలినంత దొరకనప్పుడు కర్బనము పూర్తిగాఁ గాలదు. అది కంటి కానని సన్నని రేణువులై విడివడి, ఆ వేఁడికి కొలిమిలోని యినుమువలెఁ గాఁగి ప్రకాశించును. మనము చూచు పసుపు ఆ రేణువుల కాఁకయే. ఆముదపు దీపపు వెలుఁగును, క్రొవ్వొత్తి వెలుఁగును, కర్పూరహారతి వెలుఁగును ఇట్టివే.

దీనికి సాక్ష్యము కొఱకు జర్మనీకిఁ బోనక్కఱలేదు. మన తల్లులు కాటుక పట్టు విధానమును దలఁచుకొనుఁడు. ఆముదపు దీపముపై చల్లని పళ్లెమును బోర్లించి యుంచుదురు. కొంతసేపటికి దానియడుగున మెత్తని నల్లపొడి చేరును. ఆ నలుపు దీపముపై నెచ్చటనో పుట్టినది కాదు. మంటలో వెలుఁగుచుండిన రేణువులే పళ్లెమును దాఁకి చల్లాఱి కాటుక యైనవి. మంటలో నున్నంతసేపు బంగారువన్నె, మంట విడిచిన వెంటనే నలుపు. మంటలోని ఘనరేణువులే వెలుఁగునకుఁ గారణమని యింగ్లండున హంఫ్రీ డేవీ పందొమ్మిదవ శతాబ్ది తొలినాళ్లలో వివరించెను. ఆయన శిష్యుఁడగు ఫారడే 1860-61 శీతకాలమున లండనునగరమున బాలుర కొఱకు ఒక్క క్రొవ్వొత్తిని బట్టుకొని యాఱు ఉపన్యాసము లిచ్చెను. ఒక దీపమున నింత శాస్త్రము దాఁగియున్నదని లోక మప్పుడు గ్రహించెను.

ఇఁక కన్నులు తెఱతము. గాలి చొచ్చినతోడనే మంట పొట్టిదై, బుస్సుమని ధ్వనించుచు, నీలమగును. పళ్లెము పెట్టినను మసి పట్టదు. కర్బనమునకుఁ గావలసిన ప్రాణవాయువు ముందుగనే గ్యాసుతోఁ గలసియున్నందున రేణువులు కూడుటకు అవకాశము లేదు. మఱి యీ నీలమెట్లు వచ్చినది? గ్యాసు కాలునప్పుడు దాని యణువులు ముక్కలగును. కర్బనమును ఉదజనియుఁ గూడిన శకలములును, రెండు కర్బనపరమాణువులు జంటగూడిన శకలములును క్షణములో వేయవవంతైనను నిలువక పుట్టి నశించుచుండును. అవి వెలువరించు కాంతియే యీ నీలము. ఇది వెలుఁగున మందము, వేఁడిమిలో దిట్ట. ఈ మంట సుమారు 1500 డిగ్రీల సెంటీగ్రేడు వేఁడిమి నందుకొనును. అందును లోపలి నీలపు శిఖ కొనకుఁ గొంచెము పైభాగమున వేఁడి మిక్కుటము. లోపలి శిఖయొక్క గర్భమున మాత్రము ఇంకను కాలని చల్లని గ్యాసు నిండియుండును. గొట్టపు మూఁతికి ఆనించి యొక సన్నని పుల్లను అడ్డముగా క్షణమాత్ర ముంచి తీసినచో రెండు కొనలయందు మాడి నడుమ తెల్లగా మిగులును.

ఈ నీలపు మంట రహస్యమును మన కంసాలి చేతులు తరతరములుగా నెఱుఁగును. అతఁడు ప్రమిదలోని పసుపుమంటలోనికి ఊఁదుగొట్టముతో గాలి నూఁదును. మంట ప్రక్కకు వంగి, సన్ననై, నీలపుమొన దాల్చి, నగల యతుకులను గరఁగించి కలుపును. నూనె మాఱలేదు, వత్తి మాఱలేదు, గాలి కలసినది. బున్సెన్ దీపమున ఊఁదువాఁడు లేకయే గ్యాసు వేగము ఆ పనిని జేయుచున్నది.

ఇచ్చట తర్కశాస్త్రమునందలి మాట యొకటి చెప్పవలసియున్నది. కొండపైఁ బొగను జూచి నిప్పును ఊహించుట తార్కికులకుఁ బరిపాటియైన యుదాహరణము. దానిని తలక్రిందు చేసి, నిప్పున్నచోట నెల్లఁ బొగయుండునని యనరాదని కూడ వారే చెప్పిరి. బాగుగాఁ గాఁగిన యినుపగుండులో నిప్పు గలదు, పొగ లేదు. పొగ పుట్టుటకు నిప్పుతోఁ బాటు పచ్చికట్టెయుఁ గూడవలెను. అట్టి కూడికను వారు ఉపాధి యనిరి. బున్సెన్ దీపమున మసికి ఉపాధి గాలికొఱత. ఇది జ్ఞాపక ముంచుకొనుఁడు; కడపట మఱల దీనితో పని పడును.

ఇంతవఱకుఁ జెప్పినది గాలి చేయు మార్పు. రెండవ మార్పు, మంటలోఁ బడిన పదార్థము చేయునది. నీలపుమంటకు సొంతపు వెలుఁగు దాదాపు లేదు గావున, తుడిచిన పలకవలె దానిపై నేది వ్రాసినను స్పష్టముగాఁ గనఁబడును. ప్రయోగశాలలో ప్లాటినపు తీఁగను హైడ్రోక్లోరికామ్లమున ముంచి, మంటలోఁ గాల్చి, మఱల ముంచి, మంటకు ఏ వన్నెయు రానంతవఱకు శుభ్రపఱతురు. పిమ్మట పరీక్షింపవలసిన లవణమును ఆ తీఁగకొనతో నద్ది మంట యంచునఁ బట్టుదురు. మనము తిను ఉప్పులోని సోడియము గాఢమైన పసుపునిచ్చును. పొలమునకుఁ జల్లు పొటాషు ఎరువులోని పొటాషియము లేత ఊదావన్నె నిచ్చును. సున్నమునకు మూలమగు కాల్షియము ఇటుకవన్నెయు, స్ట్రాన్షియము నెత్తురువంటి యెఱుపును, లిథియము కెంపువన్నెయు, బేరియము లేత ఆకుపచ్చయు నిచ్చును. ద్రాక్షతోఁటలకుఁ జల్లు మైలుతుత్తములోని రాగి ఆకుపచ్చవన్నె నిచ్చును. దీపావళినాఁటి మతాబుల యెఱుపు స్ట్రాన్షియముది; పచ్చదనము చిరకాలము బేరియమునకుఁ జెల్లినది. బేరియపు లవణములు హానికరము లగుటచే బాణసంచాలో వాని వాడుకను మన సర్వోన్నతన్యాయస్థానము 2018లో నిషేధించినది.

ఈ పరీక్షలో మా విద్యార్థులను మిక్కిలి విసిగించునది సోడియము. తీఁగ నెంత కడిగినను పసుపు పోలేదని వారు మొఱపెట్టుకొనుచుండెడివారు. విచారింపఁగా కడిగిన తీఁగను మఱల వ్రేళ్లతో ముట్టుకొనుటయే కారణము. చెమటలోని ఉప్పు చాలును, మంట పసుపెక్కుటకు. పొటాషియపు ఊదావన్నె అతిసుకుమారము. ఉప్పు లేశమాత్రము కలసినను ఆ పసుపులో నది మునిఁగిపోవును. అప్పుడు కోబాల్టు కలిపిన నీలపుగాజునుండి చూడుఁడని చెప్పెడివాఁడను. ఆ గాజు పసుపును మ్రింగివేయును, ఊదాను మాత్రము కంటికిఁ బంపును. బెర్లిను నగరమున మార్గ్రాఫ్ అను శాస్త్రజ్ఞుఁడు 1758లోనే సోడాలవణమును పొటాషులవణమును మంటరంగునుబట్టి వేఱుపఱచి చూపెను.

మన తార్కికులు అగ్ని సహజవర్ణము ప్రకాశించు తెలుపనియు, ఎఱుపు మొదలగు వన్నెలు అందుఁ గలసిన పార్థివాంశమువలన వచ్చినవనియుఁ జెప్పిరి. వారికి ఈ యాధునికశాస్త్రమంతయు తెలియునని నేననను. అట్లనుట వారికి గౌరవము గాదు. మంటరంగు మంటది గాదు, అందుఁ జేరినదానిదని యోచించుటకు వారు పూనుకొనిరనుట మాత్రము నిజము.

ఇఁక ఒక్కొక్క పదార్థమునకు ఒక్కొక్క రంగే యేల? ప్రతి పరమాణువునందును నడుమ నొక కేంద్రకమును, దానికి సంబంధించిన ఎలక్ట్రానులును గలవు. ఎలక్ట్రాను నిచ్చెన మెట్లపై నిలుచు మనుష్యునివంటిది. అతఁడు మొదటి మెట్టున నిలువవచ్చును, రెండవ మెట్టున నిలువవచ్చును. రెండింటి నడుమ గాలిలో నిలువరాదు. మంట వేఁడి ఎలక్ట్రానును పైమెట్టున కెక్కించును. అది యచ్చట నిలువఁజాలక వెంటనే దిగును. దిగునప్పుడు ఆ మెట్ల యెడమునకు సరిపోవు కాంతిని విడుచును. ఎడము పెద్దదైనచో కాంతి నీలమువైపునకును, చిన్నదైనచో ఎఱుపువైపునకును ఉండును. సోడియపు నిచ్చెన వేఱు, రాగి నిచ్చెన వేఱు; ఏ రెండు మూలపదార్థముల నిచ్చెనలును ఒక్కటి గావు. అందుచేతనే రంగును జూచి పదార్థము పేరు చెప్పఁగలుగుచున్నాము. ఎలక్ట్రానుల మెట్లను గూర్చి మొదట 1913లో డెన్మార్కు శాస్త్రజ్ఞుఁడు నీల్స్ బోర్ స్పష్టముగాఁ జెప్పెను.

అయితే కన్ను మోసపోవును. స్ట్రాన్షియపు టెఱుపును లిథియపు టెఱుపును జూచి వేఱుపఱచుట కష్టము. దీనికి ఉపాయమును హైడెల్బర్గులోనే బున్సెన్ మిత్రుఁడును భౌతికశాస్త్రాచార్యుఁడునగు కిర్కాఫ్ చెప్పెను. మంటకాంతిని మూఁడు పలకల గాజుముక్కగుండఁ బంపి విడఁదీసి చూడవలెనని యాతని సలహా. సూర్యకాంతి ఆ గాజుగుండఁ బోయినచో ఇంద్రధనుస్సువలెఁ బఱచుకొనును. సోడియపు మంటకాంతి యట్లు పఱచుకొనదు. చీఁకటిలో పసుపుపచ్చని గీఁతలు రెండు, అతిసమీపముగా నొకదానిప్రక్క నొకటి, కనఁబడును. ప్రతి మూలపదార్థమునకును దాని గీఁతలు దానివే, వ్రేలిముద్రలవలె. 1859, 1860 సంవత్సరములలో వా రిరువురును ఈ వర్ణపటపరీక్షను స్థాపించిరి. సోడియమును మిల్లీగ్రాములో ముప్పదిలక్షలవవంతు కంటెఁ దక్కువయున్నను ఈ పరీక్ష పట్టి యిచ్చునని వారు కనుఁగొనిరి.

పిమ్మట బున్సెన్ డ్యూర్క్‌హైమ్ అను చోటి ఊటనీటిని పరీక్షింపఁగా ఏ పదార్థమునకును జెందని నీలపుగీఁతలు రెండు కనఁబడెను. కన్న సాక్ష్యముతోఁ దృప్తిపడక ఆ నీటిని 44 వేల లీటర్లు మఱిఁగించి ఇగిర్చి, కడకు ఏడు గ్రాములకుఁ గొంచెము మించిన క్రొత్తలవణమును సంపాదించెను. 1860లో దొరకిన ఆ మూలపదార్థమునకు ఆకాశనీలమను నర్థమిచ్చు లాటినుపదమునుండి సీసియమని పేరిడెను. మఱుసటి యేఁడు ముదురెఱుపు గీఁతలుగల రుబీడియము దొరకినది. మంటరంగు చూచి క్రొత్త లోహములను గనుఁగొనుట అదియే మొదలు.

కిర్కాఫ్ మఱొక యడుగు వేసెను. సూర్యవర్ణపటమున సన్నని నల్లగీఁతలు కలవని జర్మనీ గాజుపనివాఁడు ఫ్రౌన్‌హోఫర్ 1814లోనే చూచి గుఱుతులు పెట్టియుండెను. వానిలో నొక జంట సరిగా సోడియపు పసుపుగీఁతల స్థానముననే యుండెను. ఏ ఆవిరి యే రంగును వెలువరించునో, వెనుకనుండి వచ్చు తీవ్రకాంతిలో నా రంగునే మ్రింగునని కిర్కాఫ్ నిరూపించెను. కావున సూర్యుని పైపొరలో సోడియపు టావిరి గలదు. వంటయింటి ఉప్పును జూపిన దీపమే సూర్యునిలోని ఉప్పుమూలమునుఁ జూపినదన్నమాట.

ఈ విద్య సూర్యునిపైకిఁ బోయిన తర్వాత తెలుఁగునేల కీ కథలో భాగము గలిగినది. 1868 ఆగస్టు 18వ తేదీన సంపూర్ణసూర్యగ్రహణము మనదేశముమీఁదుగాఁ బోయెను. ఫ్రాన్సుదేశపు జాన్సెన్ అను శాస్త్రజ్ఞుఁడును, ఆంగ్లేయుఁడగు మేజరు టెనెంటును గుంటూరునకు వచ్చి వర్ణపటదర్శినులు నిలిపిరి. మద్రాసు నక్షత్రశాలాధికారి పాగ్సన్ మచిలీపట్టణమునను, ఆ నక్షత్రశాలలోని చింతామణి రఘునాథాచారి వనపర్తియందును గ్రహణమును బరిశీలించిరి. సూర్యబింబము పూర్తిగా మూసికొన్నప్పుడు దాని యంచులనుండి లేచు ఎఱ్ఱని జ్వాలలలో ప్రకాశించు గీఁతలు కనఁబడెను; అందొకటి పసుపుపచ్చనిది. అది సోడియపు గీఁతయే యని పెక్కండ్రు తలఁచిరి. పాగ్సన్ అది సోడియపు స్థానముననో దాని సమీపముననో యున్నదని వ్రాసెను. జాన్సెన్ మఱునాఁడు గుంటూరులోనే, గ్రహణము లేకయే, పట్టపగలు ఆ జ్వాలల గీఁతలను జూడఁగలిగెను. ఆ సంవత్సరము అక్టోబరునెలలో ఇంగ్లండున లాకియర్ అను నతఁడు ఆ పసుపుగీఁత సోడియమునకుఁ జెందదనియు, వెండ్రుకవాసి తొలఁగియున్నదనియు నిశ్చయించెను. భూమిపై నెఱుఁగని యా పదార్థమునకు హీలియమని పేరు వచ్చినది. గ్రీకుభాషలో హీలియోస్ అనఁగా సూర్యుఁడు. ఆ పదమును మన సూర్యశబ్దమును ఒకే ప్రాచీనమూలమునుండి పుట్టినవని భాషాశాస్త్రజ్ఞులు చెప్పుదురు. 1895లో లండనున విలియం రామ్సే యురేనియపు ఖనిజమునుండి హీలియమును భూమిపైఁ గూడ వెలికిఁ దీసెను.

చూచితిరా! మసి పసుపు, ఉప్పు పసుపు, సూర్యునిలోని హీలియపు పసుపు, కంటికి మూఁడును పసుపే. మూఁటి మూలములు మూఁడు. ఒకే లింగము పెక్కు కారణములకుఁ జెందినప్పుడు, దానినిబట్టి యొకే కారణమును నిశ్చయించినచో తార్కికులు సవ్యభిచార మను హేతుదోషము చెప్పుదురు. అనఁగా ఆ సాక్షి రెండుపక్షములకును బలుకఁగలఁడు; అడ్డుప్రశ్న వేయక యాతనిమాట నమ్మరాదు. ఊరి తగవులు తీర్చిన పెద్దలకు నేనిది బోధింప నక్కఱలేదు.

ఇప్పుడు వంటయింటికి మరలుదము. పొయ్యిమంట పసుపెక్కినప్పుడు మూఁడు అడ్డుప్రశ్నలు వేయుఁడు. మొదటిది: ఏమైనఁ బొంగి పడినదా? ఉప్పువేసిన పప్పో చారో పొంగి బర్నరుపైఁ బడినచో ఆ చోట పసుపు తళుకులు లేచి కొలఁది నిమిషములలో మానును, భయము లేదు. రెండవది: గిన్నె యడుగున మసి పట్టుచున్నదా? ఉప్పు పసుపు మసి పెట్టదు; మసి పట్టినచో గాలి చాలుట లేదు. మూఁడవది: మంట రూపమెట్లున్నది? పదునైన నీలపు మొనలు పోయి, పొడవై మెత్తగా ఊఁగులాడుచున్నచో అదియు గాలికొఱతయే. అప్పుడు పొయ్యి నార్పి, చల్లాఱిన పిమ్మట బర్నరు పైమూఁతను దీసి కడిగి, దాని రంధ్రములను సూదితో శుభ్రపఱపవలెను. గాలి చొచ్చు గొట్టములో దుమ్మును సాలెగూళ్లును చేరుట కలదు. గ్యాసు దూఁకు సన్నరంధ్రమును మాత్రము మీరు పొడిచి పెద్దది చేయరాదు. ఆ పనికిఁ దెలిసినవానిని బిలువుఁడు.

మసియే యైనచో గిన్నె తోమికొందుము, అంత భయమేమి యనవచ్చును. గాలికొఱత మసితో నాఁగదు. సగము కాలిన కర్బనము కార్బన్ మొనాక్సైడు అను విషవాయువగును. దానికి రంగు లేదు, వాసన లేదు, కంటికి మంట లేదు. మన రక్తము ప్రాణవాయువును మోసికొని పోవునది గదా. ఈ విషవాయువు అంతకు 200 రెట్లు మించిన పట్టుతో రక్తము నంటుకొని ప్రాణవాయువునకుఁ జోటు లేకుండఁ జేయును. తలనొప్పి, తలతిరుగుట, వాంతి, మగత, అటుపిమ్మట మరణము. నిద్రలో నున్నవారికి మొదటి గుఱుతులును దెలియవు.

ఈ సందర్భమున నేను గట్టిగాఁ జెప్పవలసిన మాట కుంపటిని గూర్చి. బొగ్గుల కుంపటిపై సన్నని నీలపు నాలుకలు ఆడుచుండుటను మీరు చూచియుందురు. గ్యాసుపొయ్యి నీలమును జూచిన కన్నులు దానిని మేలిగుఱుతుగాఁ దలఁచును. అది యట్టిది గాదు. ఆ నీలము కార్బన్ మొనాక్సైడే మండుచున్న మంట. నీలపు నాలుకలు ఆఱిపోయి, బూడిదక్రింద నిప్పు ఎఱ్ఱగా మిగిలినప్పుడు ఆ వాయువు మండకయే గదిలోనికి వచ్చుచుండును. పొగ పోయినది, ఇఁక లోపలికిఁ దేవచ్చునని మన యిండ్లలో కుంపటిని సరిగా ఆ సమయముననే గదిలోఁ బెట్టుదురు. పొగ లేదు గావున కీడు లేదనుట, నిప్పున్నదిగావున పొగయుండుననుటవంటి తప్పుడు తర్కమే. చలికాలపు రాత్రి తలుపులు బిగించి కుంపటి ప్రక్కఁ బండుకొనుటయు, బాలింతరాలిని పసిబిడ్డను మూసిన గదిలోనుంచి కుంపటి పెట్టుటయు ప్రాణాపాయకరములు. ఆ యాచారము వెచ్చదనము కోరి పుట్టినది. వెచ్చదనమునకు దుప్పటులును, వెలుపలఁ గాఁచి తెచ్చిన వేఁడినీటి సీసాలును గలవు. ఇంట మీ మాట చెల్లును గావున మీకు విన్నవించుచున్నాను. ఈ యొక్క మాట మీరు నిలుపుఁడు.

స్నానపుగదిలో గాలి పోవు దారి లేక గ్యాసు గీజరు పెట్టుటయు ఇట్టిదే. మంట చక్కని నీలమైనను, మూసిన గదిలోని ప్రాణవాయువును అది తినివేయును. పిమ్మట మంటయు మనుష్యుఁడును గాలికొఱతకు లోనగుదురు. వంటయింట పైన నొక కిటికీ, క్రింద నొక దారి తెఱచియుంచుఁడు. ఇంటిలో నొకరిద్దఱకు ఒకేసారి తలనొప్పియు తిరుగుడును గలిగినచో, అది జ్వరమని తలఁపక వెంటనే తలుపులు తెఱచి, అందఱను ఆరుబయటికిఁ దెచ్చి, వైద్యునియొద్దకుఁ గొనిపొండు. గ్యాసు కాఱుటను రంగుచేఁ దెలిసికొనలేము; దానికి వాసన కలిపియుందురు. వాసన తోఁచినచో అగ్గిపుల్ల గీయకుఁడు, విద్యుద్దీపపు మీటను ముట్టకుఁడు. సిలిండరు కట్టివేసి తలుపులు తెఱవుఁడు.

బున్సెన్ తన మంటకు రంగు లేకుండునట్లు కోరెను. ఆ కోరికవలననే లోకమునందలి పదార్థములన్నియు తమ రంగులను దానియందు వ్రాసినవి. గుంటూరున వెలసిన వర్ణపటదర్శిని సూర్యుని సాక్ష్యమును విడఁదీసి చూచినది. మన యింటి మంట సాక్ష్యమును విడఁదీసి చూచుటకు గాజుపలకలు అక్కఱలేదు. మసి పట్టిన గిన్నెయు, తెఱచిన కిటికీయు, అడ్డుప్రశ్న వేయు బుద్ధియుఁ జాలును. మీ యిండ్ల దీపములు చల్లగా వెలుఁగుఁగాక!